పిల్లల తలలో పేలు

(మిరప పండించు ఒక గ్రామమున పొదుపు సంఘముల సభ్యురాండ్ర సమావేశములో సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను పేలను గురించి మాటాడబోవుచున్నానని మీ సంఘపు అధ్యక్షురాలు ప్రకటింపగానే ముందు వరుసలోనివారు కొందరు నవ్విరి. కొందరు తమకు తెలియకుండనే తల గోకికొనిరి. నేనును గోకికొంటిని. పేను పేరు విన్నంతనే తల దురద పుట్టుట అందరికిని ఉన్నదే. పంటరుణములు, పింఛనులు, త్రాగునీరు ఉండగా ప్రభుత్వమువారికి ఈ పేలగోల యేమి అని వెనుకనుండి ఒక పెద్దాయన అనుట కూడ వినవచ్చినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా మొదట ఒక సంగతి చెప్పెదను.

గడచిన మిరపకోతల కాలమున, ఇక్కడికి చాల దూరము కాని ఒక ఊరిలో, ఎనిమిదేండ్ల బాలికకు తలనిండ పేలు పడినవి. ఊరి పేరును, ఆ కుటుంబము పేరును మనకు అవసరము లేదు. తల్లి కోతలకు పోవుచున్నది. కూర్చుండి దువ్వుటకు ఆమెకు తీరిక లేదు. రాత్రి దురదతో పిల్ల నిద్రపోదు, ప్రక్కవారిని నిద్రపోనీయదు. తండ్రి చూచి చూచి, పైరుపై కొట్టగా సీసా అడుగున మిగిలిన మందును రెండు మూతలంత కొబ్బరినూనెలో కలిపి, తానే స్వయముగా బిడ్డ తలకు పట్టించి, గుడ్డ చుట్టెను. గంట గడవకముందే పిల్ల నోట చొంగ కారజొచ్చినది. వాంతులైనవి. ఒళ్ళంతయు చెమట పట్టినది. కన్నులలో నల్లపాప సూదిమొనయంత అయినది. అదృష్టవశమున ఆ ఇంటి ప్రక్కనే ఆశా కార్యకర్త ఉండెను. ఆమె 108కి ఫోను చేయించి, బండి వచ్చులోపల పిల్ల తలను, ఒంటిని సబ్బుతో కడిగించెను. పిల్ల బ్రతికినది. నాలుగు దినములు ఆస్పత్రిలో ఉండి ఇల్లు చేరినది.

ఆ తండ్రిని నేను తరువాత చూచితిని. చదువురానివాడు కాడు, దుర్మార్గుడు అంతకన్నను కాడు. “పురుగుమందే గదండీ, పేను కూడా పురుగే గదా అనుకున్నాను” అని తల వంచుకొనెను. ఆ మాట నేను మరువలేకున్నాను. నేడు నేను ఇక్కడికి వచ్చుటకు ఆ మాటయే కారణము.

నేను వైద్యుడను కాను. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిణి గారు ఈ ప్రక్కనే కూర్చుండియున్నారు. నేను చెప్పునది వారి నడిగి తెలిసికొన్నదే. ఎక్కడైన తప్పు పలికినచో వారు వెంటనే సరిదిద్దుదురు.

మొదట ఆ విషము సంగతి. మిరపకు, ప్రత్తికి, వరికి కొట్టు మందులలో కొన్ని నరములపై పనిచేయునట్టివి. ఆ మందు పురుగు నరములను ఎట్లు పట్టునో మనిషి నరములను కూడ అట్లే పట్టును. కడుపులోనికి పోయినగాని విషము కాదనుకొనుట పొరపాటు. చర్మము గుండను అది ఒంటిలోనికి ఎక్కును. అందును తల చర్మము ముంజేతి చర్మము కంటె కొన్ని రెట్లు అధికముగా పీల్చుకొనును. పైగా పిల్లలు పేలుపడిన తలను గోళ్ళతో గీరి పుండ్లు చేసికొనియుందురు. ఆ పుండ్లగుండ మరింత త్వరగా ఎక్కును. నూనె కలిపినచో మందు తేలికపడునని కొందరి అభిప్రాయము. నూనె దానిని చర్మమునకు అంటిపెట్టి యుంచును. గుడ్డ చుట్టుట వలన అపాయము ఇంకను పెరుగును. పిల్ల ఒళ్ళు చిన్నది గనుక పెద్దవానికి తల తిరుగునంత మోతాదు పిల్లకు ప్రాణాంతకము కావచ్చును.

మందు డబ్బాపై ఒక మూలగా రంగు త్రికోణము వేసియుండును. ఎఱ్ఱ రంగు అన్నింటికంటె భయంకరమైన విషమునకు గుర్తు. దాని తరువాతిది పసుపు, ఆ తరువాత నీలము, చివరది ఆకుపచ్చ. ఆకుపచ్చ త్రికోణమున్నది గదా, తలకు పట్టించవచ్చునా అని నన్నొక రైతు అడిగెను. పట్టించరాదు. ఏ రంగైనను అది పైరు కొరకు చేసినది. పైరు మందు ఖాళీ సీసాలో కొబ్బరినూనె పోసికొనుట కూడ కొన్ని ఇండ్లలో చూచితిని. ఎన్నిమారులు కడిగినను అది సీసా కాదు, విషపాత్రయే.

ఎవరైన తెలియక పట్టించినచో లక్షణములు కనబడువరకు వేచి చూడవలదు. తడిసిన బట్టలు విప్పించి, తలను ఒంటిని సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగవలెను. కడుగువారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనను తొడుగుకొనవలెను; లేనిచో వారికి కూడ విషమెక్కును. వాంతి చేయింపరాదు. 108కి ఫోను చేసి, పట్టించిన మందు డబ్బాను కూడ వెంట తీసికొనిపోవలెను. డబ్బా చూచిన వైద్యునికి విరుగుడు నిర్ణయించుట సులభమగును. కొట్టుదురను భయముతో డబ్బాను దాచినవారు కలరు. ఆస్పత్రిలో ఎవరును కొట్టరు.

కిరసనాయిలు సంగతియు ఇంతే. పొయ్యి ప్రక్క తల అంటుకొన్నచో ఆర్పుట కష్టము. అంటుకొనకపోయినను తల చర్మము బొబ్బలెక్కును. పిల్ల చేతికి తగిలి నోటిలోనికి పోయినచో ఊపిరితిత్తులు చెడును. సీతాఫలపు గింజలను నూరి పట్టించుట మన పల్లెలలో పాత అలవాటు. మా నాయనమ్మ కూడ చేసెడిది. ఆ పొడి పేనును చంపుమాట నిజమే కాని అది కంటిలో పడినచో నల్లగ్రుడ్డు పై పొర పుండై, చూపు మసకబారును. పడదని ఎవరు హామీ ఇవ్వగలరు? తల కడుగునపుడు నీరు కంటిలోనికే గదా జారును! అట్టి కంటితో ఆస్పత్రికి వచ్చినవారిని వైద్యులు చూచుచునే యున్నారు.

ఇక పేను సంగతి. పైరుకు పట్టిన పురుగు నడవడిక తెలిసిన రైతుకు మందు ఎప్పుడు కొట్టవలెనో తెలిసినట్లే, పేను బ్రతుకు తెలిసిన తల్లికి దానిని వదలించుట ఎట్లో తెలియును.

తల పేను నువ్వుగింజంత యుండును. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. దానికి ఆరు కాళ్ళు; ప్రతి కాలి చివరను వెండ్రుకను పట్టుకొనుటకు కొక్కెము వంటి గోరు. రెక్కలు లేవు, ఎగురలేదు. మిడతవలె గంతు వేయలేదు. ఒక తలలోని వెండ్రుక మరియొక తలను తాకినపుడు దానిమీదుగ ప్రాకిపోవును. ఒకే చాపపై తలలు కలిపి పండుకొన్న పిల్లలకు, బడిలో ఒకే పుస్తకముపై వంగి చదువుకొను చెలికత్తెలకు, ఒకే సెల్‌ఫోనును నలుగురు తల ఆనించి చూచువారికి అది సులభముగా ప్రాకును. ఆడపిల్లలకు ఎక్కువగా పడుటకు తలలు దగ్గరచేర్చి ఆడుకొను అలవాటే ముఖ్య కారణము.

దాని ఆహారము మన నెత్తురు. దినమునకు కొన్నిమారులు త్రాగును. తలనుండి వేరైనచో ఒకటి రెండు దినములలో చచ్చును. తలలో నున్నచో పెద్దదైన తరువాత ఇంచుమించు నెలదినములు బ్రతుకును. ఆడపేను దినమునకు ఆరు మొదలు పది వరకు గ్రుడ్లు పెట్టును. వానినే మనము ఈపులందుము. కొన్ని తావుల ఈర్లందురు. గ్రుడ్డును వెండ్రుక మొదట, తల చర్మమునకు ఆనుకొని, జిగురువంటి దానితో అతికించును. ఎంతటి తలంటికిని ఆ జిగురు ఊడదు. ఏడు మొదలు పది దినములలో గ్రుడ్డు పగిలి పిల్లపేను బయటికి వచ్చును. అది పెరిగి తాను గ్రుడ్లు పెట్టుటకు మరి తొమ్మిది మొదలు పన్నెండు దినములు పట్టును. ఈ లెక్కను దయచేసి గుర్తుంచుకొనుడు. ముందు చెప్పబోవునదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

దురద పేను కాటువలన కంటె దాని ఎంగిలి మన చర్మమునకు పడకపోవుటవలన పుట్టును. మొదటిసారి పేలు పడిన పిల్లకు దురద మొదలగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టవచ్చును. అనగా, నిన్న ప్రక్కింటి పిల్లతో ఆడినది, నేడు తల గోకుచున్నది, వాళ్ళ పిల్లవలననే వచ్చినవి అని జగడమునకు పోవు తల్లి, నెల దినముల క్రిందటి సంగతిని నిన్నటిపై మోపుచున్నదన్నమాట.

ఇది నేను ఊరక చెప్పుట లేదు. రెండేండ్ల క్రిందట ఐదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి తలలో పేలు కనబడినవి. ప్రచారశాఖ అధికారి ఇంట పేలు! మా ఇంటిలో మొదట వచ్చిన మాట యేమనగా, పనిచేయుటకు వచ్చునామె కూతురు మా పిల్లతో ఆడుచుండును, ఆమెనుండియే వచ్చియుండును అని. ఆ మాట ఆమె చెవిని పడినది. మరునాటినుండి కూతురును తీసికొనివచ్చుట మానినది. తరువాత విచారింపగా వేసవిలో జరిగిన మా బంధువుల పెండ్లిలో పది మంది పిల్లలు ఒకే గదిలో పండుకొన్నారనియు, ఆ పది మందిలో ఏడుగురికి పేలున్నవనియు తెలిసినది. మా శ్రీమతి పోయి ఆ తల్లికి క్షమాపణ చెప్పినది. నేను చెప్పలేదు; సిగ్గుపడితిని. చెప్పవలసినది నేనే.

పేనుకు కులము లేదు. మురికి తలయే కావలెనను నియమమును లేదు. నిత్యము తలంటు పోసికొను తలలో కూడ నెత్తురు ఉండును గదా! పేలున్న బిడ్డను మురికి బిడ్డ యనుట అబద్ధము. ఒక బడిలో పేలున్న పిల్లలను ఒక ప్రక్కగా నేలపై కూర్చుండబెట్టిరి. వారిలో ఒక బాలిక తలను తండ్రి గొరిగించెను. తోటివారి ఎగతాళికి తాళలేక ఆమె రెండు నెలలు బడికి పోలేదు. వెంకన్నకు మ్రొక్కి తలనీలాలు సమర్పించి వచ్చిన పిల్ల గుండును చూపుచు ఊరంతయు తిరుగును, ప్రసాదము పంచును. శిక్షగా గొరిగిన గుండును గుడ్డచాటున దాచికొనును. కత్తి ఒకటియే, గుండు ఒకటియే. పిల్ల మనస్సునకు రెండును ఒకటి కావు. తల గొరిగినచో పేలు పోవునను మాట నిజమే. దువ్వెనతోను మందుతోను పోవుదానికి అంత శిక్ష ఏల?

బడి మాన్పించుటకు కూడ కారణము లేదు. పేలు బయటపడునప్పటికే నెలనుండి ఆ పిల్ల అందరితో కలిసియే యున్నది. ఒకనాడు ఇంట నుంచినందువలన ప్రయోజనము లేదు. ఆ సాయంకాలమే ఇంటివద్ద చికిత్స మొదలుపెట్టి, మరునాడు మామూలుగా బడికి పంపవలెను. ఇది మా ఊరి మాట కాదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘము 2022లో ప్రకటించిన నివేదికలో కూడ పేలకొరకు పిల్లను బడినుండి పంపివేయరాదనియే చెప్పిరి. ఇచ్చట ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు కనబడుచున్నారు. పేలున్న పిల్ల పేరును తరగతిలో పైకి చదువవలదనియు, తల్లిని ప్రక్కకు పిలిచి చెప్పుడనియు వారిని వేడుచున్నాను.

తల పేను వలన జ్వరములు వ్యాపించునా అని అడుగుదురు. వ్యాపింపవు. టైఫస్ అను ప్రాణాంతక జ్వరమును వ్యాపింపజేయునది బట్టల మడతలలో నివసించు వేరొక పేను. ట్యూనిస్ నగరమున పనిచేసిన ఛార్లెస్ నికోల్ అను ఫ్రెంచి వైద్యుడు 1909లో ఆ సంగతి కనిపెట్టి, 1928లో నోబెల్ బహుమతి పొందెను. యుద్ధకాలమున, 1943-44 శీతకాలములో, ఇటలీలోని నేపుల్సు నగర ప్రజల బట్టలలో డి.డి.టి. పొడి చల్లి ఆ జ్వరమును ఆపిరి. ఆ పొడినే తరువాత తలలకు కూడ చల్లిరి; పేలు దానికి అలవాటుపడినవి. ఇప్పుడెవరైన తెచ్చి ఇచ్చినను దానిని ముట్టవలదు. తల పేను చేయు హాని వేరు. గీకిన చోట చీము పట్టును, అట్టలు కట్టును, చెవుల వెనుక గడ్డలు లేచును, జ్వరము రావచ్చును. నిద్ర చెడిన పిల్ల బడిలో తూగును. అట్టలు, చీము, గడ్డలు కనబడినచో సొంత వైద్యము మాని వైద్యుని చూపవలెను.

గుర్తించుట ఎట్లు? వెలుతురు కావలెను. పగటిపూట పంచలో కూర్చుండబెట్టుడు. లేదా సెల్‌ఫోను దీపము వెలిగించుడు. చెవుల వెనుకను, మెడపై జుట్టు మొదలైన చోటను మొదట చూడుడు. పేలు ఆ వెచ్చని తావులను కోరును. ప్రాకుచున్న పేను కనబడుట కష్టము. వెలుతురు పడగానే పరుగెత్తి దాగికొనును. ఈపి కనబడుట సులభము. కాని తెల్లని రేణువెల్ల ఈపి కాదు. చుండ్రు పొట్టు ఊదినచో లేచిపోవును, చేయి తగిలినచో రాలును. ఈపి వెండ్రుకకు ఒక ప్రక్కగా అంటుకొని, రెండు గోళ్ళమధ్య పట్టి లాగినగాని కదలదు. ఇంకొక సూక్ష్మము కలదు. వెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. కనుక తల చర్మమునకు సెంటీమీటరు కంటె దూరమున నున్న ఈపులు సామాన్యముగా పగిలిన డొల్లలు. అవి ఎన్ని యున్నను, ప్రాకు పేను ఒక్కటియు లేనిచో, ఆ పిల్లకు మందు అవసరము లేదు. డొల్లలను చూచి మాటిమాటికి మందు పట్టించు తల్లులు కలరు.

నిశ్చయముగా తెలిసికొనుటకు దువ్వెనను మించిన సాధనము లేదు. మన అవ్వలు వాడిన ఈరుపెన మీకు తెలియును. పూసలవారు పిన్నీసులు, సవరములతోపాటు గంపలో తెచ్చి అమ్మెడివారు. దాని పండ్లు ఎంత దగ్గరగా నున్నచో అంత మంచిది. ఇప్పుడు మందుల దుకాణములలో ఇనుప పండ్ల దువ్వెన దొరకుచున్నది. పండ్ల మధ్య సందు మూడువంతుల మిల్లీమీటరున్న దువ్వెన పనికిరాదు. ఆ సందు మిల్లీమీటరులో మూడవవంతు కూడ ఉండరాదు. కొనునపుడు వెలుగున కెత్తి చూచినచో పండ్లు వంకరలేక, వెలుతురు సన్నని గీతలుగా కనబడవలెను.

జుట్టును తడిపి, కొబ్బరినూనె గాని కండీషనరు గాని బాగుగా పట్టింపుడు. తడి, జిడ్డు ఉన్న జుట్టులో పేను చురుకుగా పరుగెత్తలేదు. దువ్వెనయు సులభముగా జారును. మొదట పెద్ద పండ్ల దువ్వెనతో చిక్కు తీయుడు. తరువాత జుట్టును పాయలు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను ఈరుపెనతో తల చర్మమునకు ఆనించి మొదలుపెట్టి వెండ్రుక చివరవరకు దువ్వుడు. ప్రతిసారియు దువ్వెనను తెల్లని గుడ్డపై తుడిచి చూడుడు. వచ్చిన వానిని సబ్బు కలిపిన వేడినీటి పళ్ళెములో వేయుడు. గోళ్ళమధ్య కుక్కుట మన ఆడవారికి ఇష్టమైన పని యని యెరుగుదును. చేతులు కడుగుకొన్నచో నా కభ్యంతరము లేదు. పొడవైన జడకు అరగంట పట్టును. ఆ అరగంటయే కష్టము.

ఇట్లు ఒక్కసారి దువ్వి ఊరకున్నచో ఈపులు మిగులును. ఇందాకటి లెక్క ఇక్కడ పనికివచ్చును. ఆదివారము మొదలుపెట్టినచో గురువారము, మరల సోమవారము, మరల శుక్రవారము దువ్వవలెను. నడుమ పుట్టిన పిల్లపేలు పెరిగి గ్రుడ్లు పెట్టకముందే దువ్వెనకు చిక్కును. ఆపై మంగళవారమునాడు మరియొకసారి దువ్వి, ఒక్క పేనును రానిచో ఆ తల తేరినదని తెలియవలెను. మందు లేకుండనే, దువ్వెనతోనే ఈ పని సాధ్యము. రెండేండ్ల లోపు పసివారికి ఈ పద్ధతియే మంచిది.

మందు వాడదలచినవారు పెర్మెత్రిన్ 1 శాతము అని సీసాపై వ్రాసియున్న తలమందును అడుగవలెను. గజ్జికి ఇచ్చు 5 శాతపు మందు వేరు. రెండును కలగాపులగము చేయరాదు. మన పిల్లల తల ఎల్లప్పుడు నూనెతో నుండును. నూనె తలకు మందు పట్టదు. అందుచేత మొదట కుంకుడుతోనో షాంపూతోనో నూనె పోవునట్లు తలంటి, తువ్వాలుతో తుడిచి, తడి ఆరీ ఆరని జుట్టుకు మందు పట్టింపవలెను. చెవుల వెనుక, మెడపై మరువవలదు. కన్నులపై మడతపెట్టిన గుడ్డ అడ్డముంచుడు. సరిగా పది నిమిషములు ఉంచి కడిగివేయవలెను. రాత్రియంతయు ఉంచినచో రెట్టింపు ఫలితము వచ్చుననుకొనవలదు. ఆపై ఒకటి రెండు దినములు తల అంటరాదు. ఈ మందు పేనును చంపును గాని గ్రుడ్లనన్నిటిని చంపదు. కావున వారము గడచిన తరువాత, పది దినములు నిండకముందు, రెండవసారి పట్టింపవలెను. మొదటిసారితో దురద తగ్గినది గదా యని రెండవసారి మానివేయుటవలననే “ఎంత మందు పెట్టినా పోలేదండీ” అను మాట పుట్టుచున్నది. పేనుకు పెత్తనమిచ్చినట్లే యగును.

అయితే ఒక్కొక్కచోట పేలు నిజముగానే ఈ మందునకు లొంగుట లేదు. మందు పెట్టిన మరునాడు కూడ పేలు ఎప్పటివలె చురుకుగా ప్రాకుచున్నచో మోతాదు పెంచవలదు, మూడవ సీసా కొనవలదు, వైద్యుని అడుగుడు. ఐవర్‌మెక్టిన్ మొదలగు వేరు మందులు కలవు. వానిని బిడ్డ వయస్సు, బరువు చూచి వైద్యులే వ్రాయవలెను. గర్భిణీ స్త్రీలును, పాలిచ్చు తల్లులును తమకు తాముగా ఏ మందును వాడక అడిగి వాడవలెను. రెండు నెలలు నిండని పసికందులకు మందు మాట తలపెట్టనేరాదు.

ఇంటిలో ఒక పిల్లకు పేలున్నచో అందరి తలలును అదేనాడు చూడుడు; అమ్మమ్మ తల మరువవలదు. మనుమరాలిని ప్రక్కలో పండుకొనబెట్టుకొనునది ఆమెయే. ఉన్నవారందరికిని ఒకేనాడు చికిత్స చేయనిచో పేలు ఈ తలనుండి ఆ తలకు చుట్టపుచూపుగా తిరుగుచునే యుండును. దిండు గలీబులు, తువ్వాళ్ళు, రెండు దినములలో వాడిన బట్టలు బాగుగా వేడినీట ఉతికి ఎండవేసినచో చాలును. దువ్వెనలను, చేయి పట్టనంత వేడినీట పది నిమిషములు ఉంచుడు. ఉతుకుటకు వీలుకాని బొంతను రెండు మూడు దినములు ఎవరును వాడక ప్రక్కన పెట్టినను పేలు చచ్చును. ఇల్లంతయు మందు చల్లుట, దిండ్లపై దోమల మందు కొట్టుట అనవసరము, అపాయకరము.

బాలికల వసతిగృహములను గురించి ఒక్క మాట. ఒకరి మంచమునకు ఒకరి మంచము ఆనియుండు చోట ఒక్క పిల్లకు చికిత్స చేసి ప్రయోజనము లేదు. గదిలోని వారందరి తలలను ఒకేనాడు చూచి, ఉన్నవారికెల్ల అదేనాడు మొదలుపెట్టవలెను. సెలవులకు ఇంటికి వచ్చినపుడు తల్లియు, తిరిగి చేరినపుడు వార్డెనును చూచుట ఏర్పాటు చేసికొన్నచో సగము పని తీరును. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు దువ్వుట నేను ఒక వసతిగృహమున చూచితిని. ఆదివారము సాయంకాలము మెట్లపై ఒకరి వెనుక నొకరు వరుసగా కూర్చుండి, కబుర్లు చెప్పికొనుచు దువ్వుకొనుచుండిరి. పూర్వము మన ఇండ్ల అరుగులపై కనబడు దృశ్యమే అది. అరుగులు పోయినవి, తీరికలు పోయినవి, పేలు మాత్రము పోలేదు!

అమ్మలారా, కోతలకు పోవు తల్లికి వారమునకు రెండు అరగంటలు దొరకుట సులభమని నేననను. మీ సంఘమున పదిమంది కలరు. వంతులవారిగా ఒకరి పిల్లలకు ఇంకొకరు చూడలేరా? పదింటికి నాలుగు ఇనుప దువ్వెనలు చాలును. ఒక్కొక్క తల ముగియగానే వేడినీట వేయుడు. తండ్రులు కూడ దువ్వవచ్చును. ఆ సీసా కలిపిన తండ్రియే ఇప్పుడు ప్రతి ఆదివారము కూతురు తల దువ్వుచున్నాడని ఆ ఊరి ఆశా కార్యకర్త నాతో చెప్పినది. మిగిలిన మందు సీసాలను ఇంటినుండి తీసి పొలము వద్ద తాళమువేసిన పెట్టెలో పెట్టినాడట.

ఇప్పుడు వైద్యాధికారిణి గారు దువ్వుట ఎట్లో చూపుదురు. బల్లపై పళ్ళెము, వేడినీరు, తెల్లగుడ్డ, నూనె సిద్ధముగా నున్నవి. మొదటి కుర్చీలో ఎవరి బిడ్డను కూర్చుండబెట్టవలెనని ఇందాక మీలో మీరు ముఖములు చూచుకొనుట గమనించితిని. ఎవరిని పిలిచినను ఆ బిడ్డకు పేలున్నవని రేపు ఊరిలో చెప్పికొందురు. కావున మొదట నేనే కూర్చుండెదను. నాకు మిగిలిన జుట్టు కొద్దియే. ఆమెకు ఎక్కువ సేపు పట్టదు. నా తరువాత వరుసగా రండు.